ఓబన్న సమాధికి ముప్పై మీటర్లు

సమాధి దాచిపెట్టినవాళ్లకు మూడేళ్ల జైలని ఆటోలో మైకు చెప్పుకుంటూ పోయిన రోజు నాకు ముద్ద గొంతు దిగలేదు.

చట్టం మంచిదే. ఎక్కడో పట్నం దగ్గర ఒక పెద్దమనిషి పాత సమాధులున్న నేలను కొని, చదును చేసి, ప్లాట్లు వేశాడట. పెద్దలకు పెట్టుకుందామని టెంకాయ పట్టుకొని వచ్చిన మనవలకు, తాత ఉండాల్సిన చోట ఎవరిదో వంటగది కనబడిందట. లోపల పప్పు తాలింపు వేస్తున్నారట. అది ఘోరమే. అందుకని సొంత భూముల్లో ఉన్న పాత సమాధులకు రక్షణ కల్పిస్తూ చట్టం తెచ్చారు. పన్నెండేళ్లు దాటిన సమాధి ఎవరి పొలంలో ఉన్నా పదిహేను రోజుల్లోగా చెప్పుకోవాలి. చెప్పకపోతే జైలు. పొలం ఎవరి పేరున ఉంటే వాళ్లకు.

మా నాలుగెకరాలు నా కొడుకు వన్నూరప్ప పేరున ఉన్నాయి. వాడు పక్క ఊరికి పోయి గంట ఆలస్యమైతేనే నేను మనసులో ఆస్పత్రి దాకా పోయి వస్తాను. మైకు వీధి మలుపు తిరిగేలోపల వాడు జైల్లో నేలమీద పడుకొని ఉండడం, జ్వరం రావడం, అక్కడి డాక్టరు లీవులో ఉండడం అన్నీ నా కళ్ల ముందు జరిగిపోయాయి.

"మన చేన్లో సమాధులు యాడుండాయి మ్మే," అన్నాడు మా ఆయన తిప్పయ్య. "మనోళ్లంతా ఊరి వల్లకాట్లోనే కదా పండుకోనుండేది."

"ఓబన్న?"

ఆయన నా వైపు తిరిగాడు. "ఓబన్న ఎద్దు."

"మైకులో మనిషి అని చెప్పలేదు. సమాధి అనే చెప్పినారు."

"ఎద్దుకు చట్టమేంది మ్మే. ఊరుకో."

ఊరుకోవడం నాకు చేతకాదు. మా వైపు కాడెద్దు ముసలిదై చస్తే దాన్ని ఎవరికీ ఇవ్వరు. కొమ్ములకు పసుపు రాసి, కొత్త గుడ్డ కప్పి, అది దున్నిన చేన్లోనే పూడుస్తారు. పైన ఒక రాయి నిలిపి, ఏడాదికోసారి టెంకాయ కొడతారు. ఓబన్న పోయి పదమూడేళ్లయింది. రాయి అట్లాగే ఉంది. దారిన పోయే ఎవడైనా చూసి, తిప్పయ్య చేన్లో సమాధి ఉంది, వాళ్లు దాచారు అని చెబితే ఏమిటి గతి?

మరుసటి రోజు మండలానికి పోయి అర్జీ ఇచ్చాను. నేను ఏడో తరగతి దాకా చదివాను కాబట్టి నేనే రాశాను. మా చేన్లో ఓబన్న సమాధి ఒకటి ఉంది, దాన్ని మేము దాచలేదు, మా అబ్బాయిని జైలుకు పంపవద్దు అని రాశాను. ఎద్దు అని కూడా రాయాలనే అనుకున్నాను. జైలుకు పంపవద్దు అన్నది ఇంకో రెండుసార్లు రాసేసరికి కాగితం అయిపోయింది.

నాలుగో రోజున జీపు వచ్చింది. దిగినాయన పేరు భానుమూర్తి గారు. మండలానికి కొత్తగా వేసిన సమాధుల సంరక్షణాధికారి. వెంట ఫైలు మోస్తూ గుమాస్తా కుళ్లాయప్ప వచ్చాడు. కుళ్లాయప్పది మా పక్క ఊరే.

"మండలం మొత్తం మీద స్వచ్ఛందంగా ముందుకు వచ్చినది తమరొక్కరేనమ్మా," అన్నారు భానుమూర్తి గారు నాకు నమస్కారం పెట్టి. "తమరిని చూసి సమాజం నేర్చుకొనవలసి ఉన్నది."

నిజంగా సమాధులున్న వాళ్లెవరూ నోరు విప్పలేదని అప్పుడు తెలిసింది.

ఆయన నులకమంచం మీద కూర్చొని ఫారం తీశారు. "అడిగినదానికి అడిగినంత మాత్రమే చెప్పవలెను. అదనపు సమాచారము ఇచ్చినచో ఫారం చెడిపోవును. మృతుని పేరు?"

"ఓబన్న సార్."

"తండ్రి పేరు?"

"తెలీదు సార్. సంతలో తెచ్చుకున్నాం."

ఆయన కలం ఆగింది. కుళ్లాయప్ప వైపు వంగి, "బాల కార్మికుడు. అది రాయవద్దు," అన్నారు మెల్లగా. కుళ్లాయప్ప తల దించుకొని ఫైలు దారం సరిచేసుకున్నాడు.

"వృత్తి?"

"సేద్యం సార్."

"సొంత భూమి?"

"లేదు సార్. మా చేన్లోనే."

"చదువు?"

"లేదు."

"దురలవాట్లు, తగాదాలు?"

"ఒకరి జోలికి పోయింది లేదు సార్. ఎండలో ఎంతసేపు పని చెప్పినా ఎదురు తిరగలేదు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మరణ కారణము?"

"వయసు సార్."

"ఎంత?"

"పద్దెనిమిదేండ్లు."

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత 'అకాల మరణము' అని రాసుకున్నారు. నేను సంతకం పెట్టాను. అప్పటిదాకా గోడకు ఆనుకొని నిలబడ్డ మా ఆయన ఇక ఉండబట్టలేక, "సార్, అది ఎద్దు," అన్నాడు.

భానుమూర్తి గారు ఫారం మొదటినుంచి చివరి దాకా మళ్లీ చదివి ఆయన ముందు పెట్టారు. "ఇందులో ఎద్దు ఎక్కడున్నదో చూపించండి."

"ఇందులో లేదు సార్. గుంతలో ఉంది."

"చూడండి పెద్దాయనా. ఇందులో పేరున్నది, వృత్తి ఉన్నది, వయసు ఉన్నది, తమ ఇంటావిడ సంతకమున్నది. సదరు మృతుడు ఎద్దు అయిన పక్షంలో ఇది తప్పుడు ప్రకటన అగును. తప్పుడు ప్రకటనకు నిబంధన పంతొమ్మిది మేరకు మూడేళ్లు. పైగా మృతుని ఎద్దు అనుట నిబంధన ఇరవై ఒకటి మేరకు మృతుని గౌరవమునకు భంగము. దానికి ఇంకొక ఆరు నెలలు. ఇప్పుడు చెప్పండి, మృతుడు ఎటువంటివాడు?"

నేను మా ఆయన చేయి గిల్లాను.

"మంచోడు సార్," అన్నాడాయన.

"అట్లు చెప్పండి."

తర్వాత కొలతలు మొదలయ్యాయి. సమాధి రాయి దగ్గర జీపు డ్రైవరు టేపు పట్టుకుంటే, కుళ్లాయప్ప ముప్పై మీటర్ల దూరంలో చుట్టూ నడుస్తూ సున్నం గీత వేశాడు. ఆ గీత లోపల దున్నకూడదు, తవ్వకూడదు, శబ్దం చేయకూడదు. గీత తిరిగి మొదటికి వచ్చేసరికి మా బోరు, మోటరు, కరెంటు పెట్టె లోపలికి పోయాయి.

ఆ బోరు తప్ప మాకు చుక్క నీళ్లు లేవు. దాన్ని నమ్ముకొని వన్నూరప్ప నాలుగేళ్ల కింద నాలుగు వందల చీనీ బత్తాయి మొక్కలు పెట్టాడు. బిడ్డ పక్కన పండుకున్నట్టు చెట్ల మధ్యనే పండుకొని పెంచాడు. ఈ ఏడే తొలి కాపు. నిమ్మకాయంత పిందెలు పడి ఉన్నాయి.

"బోరు వేసి ఎన్నాళ్లు?"

"ఆరేండ్లు సార్," అన్నాను.

"అనగా మృతుడు ముందు, బోరు తర్వాత. మోటరు అదురు వలన మృతుని విశ్రాంతికి ఆరేళ్లుగా భంగము వాటిల్లుచున్నది." ఆయన చేయి ఊపగానే పెట్టెకు గోనెపట్టా చుట్టి, దారం కట్టి, లక్క సీలు వేశారు.

ఆ వేళకు వన్నూరప్ప ఎక్కణ్నుంచో పరుగెత్తుకొచ్చాడు. "సార్, ఎండాకాలం సార్. రెండు తడులు తప్పితే చెట్లు సచ్చిపోతాయి."

"చెట్లు మరల నాటవచ్చును నాయనా. మృతులను మరల నాటలేము."

జీపు పోయాక వాడు నా వైపు తిరిగాడు. "నిన్నెవరమ్మా పోయి చెప్పమన్నెది?"

"జైలంటే భయపడితి నాయనా."

"సరే. జైలు నాకు తప్పింది. నా బదులు చెట్లకేసినారు."

వారం తిరక్కుండా చేన్లోకి బోర్డు వచ్చింది. 'ఇచట ఓబన్న గారు విశ్రమించుచున్నారు. నిశ్శబ్దము పాటించవలెను.' బోర్డుతోబాటు ఒక కాపలాదారు కూడా వచ్చాడు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఈల వేయడం అతని పని. పిందెల మీదికి చిలకలు వస్తే మా ఆయన తోలబోయి అరిచాడు. కాపలాదారు ఈల వేశాడు. చిలకలు లేచిపోయాయి. అంతవరకు మేలే జరిగింది.

ఆపైన సభ పెట్టారు. మండలంలో మొదటి రక్షిత సమాధి కాబట్టి పెద్ద నాయకుడొకాయన వచ్చి పూలమాల వేశాడు. ఓబన్న ఫోటో అడిగితే లేదన్నాం. అందుకని ఫారంలో ఉన్న వివరాలు చూసి ఒక బొమ్మ గీయించారు. తలపాగా, నూనూగు మీసం, భుజాన నాగలి. పిల్లవాడు అందంగానే ఉన్నాడు. బడి పంతులు మాట్లాడుతూ, నేటి యువత ఓబన్నను చూసి నేర్చుకోవాలన్నాడు. ఇంత పని చేసి ఒక్క రోజు కూలి అడగలేదు, ఒక్క సెలవు పెట్టలేదు, ఒక్క ధర్నా చేయలేదు అన్నాడు. నాయకుడు గట్టిగా చప్పట్లు కొట్టాడు. కాపలాదారు ఈల తీసి, నాయకుణ్ణి చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ఊరివాళ్లందరికీ ఓబన్న ఎద్దని తెలుసు. అయినా భోజనాలున్నాయని అందరూ వచ్చారు. ముందు వరసలో కూర్చున్న ముసలి యల్లక్క నిజంగానే ఏడ్చింది. "మా చేను గూడా దున్నినాడు సార్. మునికోల ఎత్తి అదిలించాల్సిన పని ల్యాకపాయ," అంది. భానుమూర్తి గారు ఆ మాట రికార్డు చేయించారు.

అందరూ పోయాక నేను చెట్లను చూశాను. ఆకులు ముడుచుకొని దొన్నెల్లాగా అయ్యాయి. పిందెలు రాలి కింద గోలీల్లాగా పడి ఉన్నాయి. మేము ముగ్గురం ఊరి కొళాయి నుంచి బిందెలు మోస్తున్నాం. నాలుగు వందల చెట్లు. ఒక చివర పోసి ఇంకో చివరికి వచ్చేసరికి మొదటి చెట్టు పాదులో దుమ్ము లేస్తోంది. పదకొండో రోజున వన్నూరప్ప బిందె దించి, గీత బయట కూర్చొని, సీలు వేసిన పెట్టెను చూస్తూ ఉండిపోయాడు. అన్నానికి పిలిస్తే పలకలేదు. నేను ఇంటికి పోయి, పురుగుమందు డబ్బా తీసుకొని, ఎవరికీ చెప్పకుండా యల్లక్క గడ్డివామిలో దాచి వచ్చాను.

మర్నాడు వాణ్ణి వెంటబెట్టుకొని ఆఫీసుకు పోయాను. భానుమూర్తి గారు మమ్మల్ని ఆదరంగా కూర్చోబెట్టారు.

"సీలు తీయు అధికారము నాకు లేదు. అయితే చట్టము కఠినమైనది కాదు. మృతుని వారసులు సమాధి పరిసరముల పచ్చదనము కొరకు నీరు తోడుకొనవచ్చును. నిబంధన ఇరవై ఆరు."

"ఓబన్నకు వారసులు లేరు సార్," అన్నాడు వన్నూరప్ప.

"అది విచారకరము. వారసులు లేని పక్షంలో ముప్పై రోజుల అనంతరము సదరు స్థలము ప్రభుత్వమునకు చెందును. అచట స్మృతివనము నిర్మింపబడును."

"వనానికి నీళ్లు కావాల కదా సార్."

"బోరు ఉన్నది కదా."

"మోటరు అదురుతుందంటిరే."

"ప్రభుత్వ మోటరు అదరదు," అన్నారాయన.

వన్నూరప్ప లేచి బయటికి వచ్చేశాడు. నేను వాడి వెనకే పోయి చేయి పట్టుకున్నాను, రోడ్డు మీద లారీలు తిరుగుతున్నాయని. టీ బంకు దగ్గర కుళ్లాయప్ప నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి ఇంకో రెండు టీలు చెప్పాడు.

"క్కా, నేనొక మాట చెప్తా. తప్పు పట్టుకోవద్దు," అన్నాడు. "వారసుడు ఒకడుంటే సీలు అదే రోజు తీస్తారు. దత్తత అంటే మృతుని సంతకం కావాల. అన్నదమ్ములంటే తండ్రి పేరు కావాల, మీరు సంతలో తెచ్చినామంటిరి. పెండ్లాము అయితేనే సులువు. ఆమె మాట, ఇద్దరు పెద్దమనుషుల సంతకాలు. అంతే."

"ఎవరికి పెండ్లాము?"

కుళ్లాయప్ప గ్లాసులోకి చూస్తూ టీ ఊదుకున్నాడు.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "ఏమప్పా కుళ్లాయప్పా, నాకు యాభై రెండు. ఆ ఫారంలో వానికి పద్దెనిమిది."

"రెండూ పక్కపక్కన పెట్టి చూసే కాలమ్ ల్యాదు క్కా."

"నా మొగుడు బతికే ఉండాడు కదా."

"ఆ కాలమ్ గూడా ల్యాదు."

ఇంటికి వచ్చి పొయ్యి ముందు కూర్చున్నాను గాని పొయ్యి వెలిగించలేదు. బతికున్న మనిషిని పక్కన పెట్టుకొని విధవనని సంతకం పెడితే ఏమవుతుంది? రాతకు బలం ఉంటుందని మా అమ్మ చెప్పేది. నేను సంతకం పెట్టగానే ఈయన గట్టు మీద కాలు జారడం, తల రాయికి తగలడం, ఆటో దొరక్కపోవడం వరసగా కనబడ్డాయి. పెట్టకపోతే చెట్ల కింద కూర్చున్న నా కొడుకు కనబడుతున్నాడు. రెండు వైపులా చావే ఉంటే ఎటు చూడాలి?

మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. కొడుకు అప్పటికే అంతా చెప్పినట్టున్నాడు.

"ఓబన్న జత ఎద్దు సచ్చిపోయిన ఏడు గుర్తుందా మ్మే," అన్నాడు. "ఇంకోదాన్ని తెచ్చేకి మన దగ్గర ఏమీ ల్యాకపాయ. వాని పక్కన కాడి కింద నేనే భుజం పెడితి. ఊరంతా గట్ల మీద నిలబడి నవ్విరి. వాడు మాత్రం నాకోసం మెల్లగా నడిచె. నేను ఆగితే ఆగె. అట్లాటోని పక్కన నీ పేరుంటే నాకేం నామోషీ ల్యాదు. పెట్టు."

"నీకేమన్నా అయితే?"

"నాకైతే నాకవుతుంది. చెట్లకు నేనేమన్నా చుట్టమా, నాతోపాటు అవి ఎందుకు పోవాల."

మంగళవారం వద్దని, అమావాస్య పోనీ అని, శుక్రవారం అసలే వద్దని చెప్పి, పెద్దమనుషులిద్దరి సంతకాలు తీసుకొని శనివారం పోయాం. మా ఆయన కుంకుమ పొట్లం ఒకటి జేబులో వేసుకున్నాడు. ఫోటోలో బొట్టు ఉండకూడదని కుళ్లాయప్ప చెబితే, వరండాలో పైటచెంగుతో తుడుచుకున్నాను. తాళిని రవికెలోకి దోపుకున్నాను. ఫోటో తీసే క్షణం మా ఆయన ఊపిరి పీలుస్తున్నాడో లేదో అని ఆయన వైపే చూస్తున్నాను. అందుకే ఆ ఫోటోలో నా కళ్లు పక్కకు ఉన్నాయి.

భానుమూర్తి గారు లేచి నిలబడ్డారు. "పదమూడేళ్లు ఈ దుఃఖమును దాచుకొంటిరి. ముందే చెప్పి ఉంటే సభలో తమరిని వేదిక మీద కూర్చోబెట్టి ఉందుము."

"భయపడితి సార్," అన్నాను. అది నిజమే.

ఆయన సంతకం చేయబోయి కలం ఆపారు. గుమ్మం దగ్గర నిలబడ్డ మా ఆయనను పైనుంచి కిందికి చూశారు. "ఈయన గతంలో తమ భర్తగా కనబడినట్లు నాకు జ్ఞాపకము."

తప్పుడు ప్రకటన, మూడేళ్లు. ఈసారి నాకే. నా కొడుక్కి అన్నం ఎవరు పెడతారు?

"అయితే జ్ఞాపకము రికార్డు కాదు," అన్నారాయన ఫైలు తిరగేసి. "ఇందులో ఈయన పేరు ఎక్కడా లేదు. ఏమయ్యా, మృతునికి నీవేమగుదువు?"

మా ఆయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నేనేమీ కాను సార్. రోజూ గడ్డేసినోణ్ణి."

"భోజన ఏర్పాట్లు చూసినవాడు," అని రాసుకొని, ఆయన వారసత్వ పత్రం మీద సంతకం చేశారు.

వరండాలోకి రాగానే మా ఆయన పొట్లం విప్పి తనే నాకు బొట్టు పెట్టాడు. పెళ్లిలో పెట్టినట్టే వంకరగా పెట్టాడు. నేను ఆయన చేయి పట్టుకొని నాడి చూశాను. ఆడుతోంది.

ఆ మధ్యాహ్నమే కుళ్లాయప్ప వచ్చి సీలు కోశాడు. అయితే వన్నూరప్ప, వాళ్ల నాయన గీత దాటబోతే కాపలాదారు ఈల వేశాడు. లోపలికి మృతుని వారసురాలు ఒక్కతే పోవచ్చు. ఇతరులకు వారసురాలు పాసు రాసి ఇవ్వాలి. పేరు, పని, సంబంధం, మూడు గడులున్నాయి. అన్నీ నిజమే రాయాలి, అబద్ధమైతే సంగతి తెలుసు కదా అన్నాడతను.

వన్నూరప్పకు తేలికగానే రాశాను. సంబంధం: నా కొడుకు. వాడు పాసు లాక్కొని పరుగెత్తి స్విచ్చి వేశాడు. మోటరు గట్టిగా దగ్గి, కాసేపు గాలి కక్కి, ఎర్రటి నీళ్లు పోసింది. వాడు కాలువలో మోకాళ్ల మీద కూర్చొని రెండు చేతులూ నీళ్లలో పెట్టాడు. నేను యల్లక్క గడ్డివామి వైపు చూడడం మానేశాను.

రెండో పాసులో పేరు తిప్పయ్య అని రాశాను. పని, నీళ్లు కట్టడం. సంబంధం దగ్గర కలం ఆగింది. భర్త అని రాస్తే జైలు. పనివాడు అని రాయడానికి చేయి రాలేదు. ఏమీ కాడు అని రాస్తే లోపలికి వదలరు. కాపలాదారు తొంగి చూస్తున్నాడు. మా ఆయన ఎండలో గీత అంచున నిలబడి ఉన్నాడు. అబద్ధం కాకుండా, చట్టానికి దొరక్కుండా ఏముందా అని చాలాసేపు ఆలోచించి, 'కావలసినవాడు' అని రాశాను.

కాపలాదారు చదివి, తలాడించి, పక్కకు జరిగాడు. మా ఆయన మాత్రం జరగలేదు. పాసు తీసుకొని అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివాడు. మళ్లీ ఒకసారి చదివాడు.

"ముప్పై రెండేండ్లాయ మ్మే," అన్నాడు. "ఈ పొద్దు రాసిచ్చినావు."

దాన్ని నాలుగు మడతలు పెట్టి, తలగుడ్డలో దోపుకొని, నీళ్లు కట్టడానికి పోయాడు. గట్టు తడిగా ఉంది, చూసి నడువు అని నేను వెనకనుంచి అరిచాను. కాపలాదారు ఈల వేశాడు.